కాలిమేట్ చేయడం నేర్పే చిన్న గొట్టం: చెషర్ ఐపీస్ రివ్యూ

న్యూటోనియన్ టెలిస్కోప్ (లెన్స్‌కు బదులు అద్దాలతో పనిచేసేది) ఉన్నవాళ్ళ కోసం, త్వరలో కొనబోయేవాళ్ళ కోసం రాస్తున్నాను. తీర్పు ముందే చెప్పేస్తాను: దాని అద్దాలు గురిగా ఉన్నాయో లేదో చూసి సర్దుకోవడానికి ఒకటింబావు అంగుళం చెషర్ ఐపీస్ ఒకటి తెచ్చుకోండి. అదే పనిని కిరణంతో చేసే లేజర్ కాలిమేటర్ జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు. నేను రెండూ కొన్నాను, రెండూ చెన్నైలో మా మేడ మీద వాడాను. చెషర్‌కు పదిహేడొందలు అయింది, లేజర్‌కు దాదాపు అంతకు రెట్టింపు. ఈ రెంటిలో ఏది పనికొస్తుందో అర్థం కావాలంటే ‘కాలిమేట్’ అనే క్రియ అసలు ఏం చేయమంటోందో తెలియాలి. అందుకని అక్కణ్ణుంచి మొదలుపెడతాను.

నాది ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్, అంటే చేత్తో తిప్పే పీఠం మీద కూర్చోబెట్టిన న్యూటోనియన్. పెట్టెలో వచ్చిన కాగితంలో బిగించే పద్ధతి అంతా బొమ్మలతో ఉంది. చివర్న మాత్రం ‘కాలిమేట్ బిఫోర్ యూజ్’ అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఎలా, దేనితో అన్నది లేదు. టెలిస్కోప్ కొన్న చాలామంది ఈ ముక్క దగ్గరే ఆగిపోతారు. గురుడు మసగ్గా కనిపిస్తే అద్దం నాసిరకం అనుకుంటారు, ఆ తర్వాత అది అటక ఎక్కుతుంది.

నేను ఆగకపోవడానికి కారణం నా వృత్తి. మాది కావలి. పాలిటెక్నిక్‌లో సివిల్ చేసి, ఇప్పుడు చెన్నైలో మెట్రో పనుల్లో సర్వేయర్‌గా ఉన్నాను. సివిల్ డిప్లొమా చదివిన ఎవర్ని అడిగినా ‘హైట్ ఆఫ్ కాలిమేషన్’ అని నిద్రలో లేపినా చెబుతారు. బెంచ్ మార్క్ (ఎత్తు ముందే తెలిసిన గుర్తు) ఎత్తుకు బ్యాక్ సైట్, అంటే ఆ గుర్తు మీద చదివిన రీడింగ్, కలిపితే వచ్చేది అదే. అందులోంచి ఫోర్ సైట్, అంటే కావాల్సిన చోట చదివిన రీడింగ్, తీసేస్తే ఆ చోటి ఎత్తు వస్తుంది. ఈ లెక్క అందరూ చేస్తారు. ఆ లెక్క నిలబడేది ఒకే ఒక్క నమ్మకం మీద: లెవెల్ అనే, బుడగ చూసి సమం చేసే దుర్భిణిలోంచి నా కన్ను చూసే గీత నిజంగా క్షితిజ సమాంతరంగా ఉంది అని. బుడగ మధ్యలో ఉన్నంత మాత్రాన చూపుగీత సమంగా ఉన్నట్టు కాదు. లోపలి క్రాస్ హెయిర్ (గురి చూసే అడ్డగీత) ఒక వెంట్రుకవాసి కిందికో పైకో జరిగి ఉంటే బుడగ చక్కగానే ఉంటుంది, రీడింగ్ మాత్రం తప్పుతుంది. ఆ చూపుగీతను పరికరం అసలు అక్షంతో కలపడమే కాలిమేట్ చేయడం.

సైట్‌లో దీన్ని పట్టుకునే పద్ధతి చాలా ముచ్చటగా ఉంటుంది. అరవై మీటర్ల దూరంలో రెండు మేకులు పాతి, సరిగ్గా మధ్యలో లెవెల్ పెట్టి రెండు మేకుల మీదా స్టాఫ్ (అంకెలు గీసిన పొడవాటి కొలబద్ద) నిలబెట్టి చదువుతాం. పరికరంలో తప్పున్నా సరే, రెండు వైపులా దూరం సమానం కాబట్టి తప్పూ సమానమే. తేడా తీసినప్పుడు అది కొట్టుకుపోయి, రెండు మేకుల మధ్య నిజమైన ఎత్తు తేడా చేతికొస్తుంది. తర్వాత లెవెల్‌ను ఒక మేకు పక్కకు జరిపి మళ్ళీ చదువుతాం. దగ్గరి మేకు రీడింగ్‌లో తప్పు దాదాపు ఉండదు, దూరపు మేకు రీడింగ్‌లో తప్పంతా పోగవుతుంది. రెండు తేడాలూ ఒకటే వస్తే పరికరం మంచిది. రాకపోతే ఎంత తప్పో అంకెల్లో తెలుస్తుంది. కోణాలు కొలిచే థియోడలైట్ వాడేవాళ్ళు ఫేస్ లెఫ్ట్, ఫేస్ రైట్ అని రెండుసార్లు కోణం చదివి సగటు తీసేది కూడా ఇందుకే. గొట్టాన్ని తిరగేసి చూస్తే తప్పు అటు నుంచి ఇటు గెంతుతుంది. పరికరాన్ని తిప్పో, జరిపో చూడకుండా దాని మాట నమ్మకూడదన్నది ఈ క్రియలోనే ఉంది. ఈ రివ్యూలో లేజర్ ఓడిపోయింది కూడా సరిగ్గా ఇక్కడే.

మాట పుట్టుక గురించి కూడా ఒకటి చెప్పాలి. లాటిన్‌లో ‘లీనియా’ అంటే గీత, ‘కొల్లినెయారే’ అంటే గీతకు తేవడం. సిసెరో రచనల కొన్ని ప్రతుల్లో అది ‘కొల్లిమారే’ అని తప్పుగా పడింది. ఆ తప్పు రూపాన్నే కెప్లర్ తన ఖగోళ రచనల్లో వాడాడు, ఆయన్నుంచి మిగతా ఖగోళవేత్తలు అందుకున్నారు. గురి సరిచేయమని చెప్పే మాటలోనే ఒక అక్షరం గురి తప్పి అలాగే స్థిరపడిపోయింది.

ఈ పనికి చెన్నైతో ఉన్న బంధం నాకు ఇంకా ఇష్టం. నుంగంబాకం కాలేజీ రోడ్డులోని వాతావరణ కేంద్రం ఆవరణలో ఒక గ్రానైట్ స్తంభం ఉంది. 1792లో మద్రాస్ అబ్జర్వేటరీ కట్టినప్పుడు ట్రాన్సిట్ టెలిస్కోప్‌ను నిలబెట్టడానికి వేసిన స్తంభం అది. దాని మీద తెలుగులో కూడా శాసనం చెక్కించారు. ట్రాన్సిట్ టెలిస్కోప్ పని ఉత్తర దక్షిణ గీత వెంబడి మాత్రమే కదలడం, నక్షత్రం ఆ గీత దాటే క్షణాన్ని పట్టడం. చూపుగీత ఇరుసుకు సరిగ్గా లంబంగా లేకపోతే ప్రతి నక్షత్రమూ ముందుగానో ఆలస్యంగానో దాటినట్టు లెక్క పడుతుంది. అందుకే ఇరుసును ఎత్తి, తూర్పు కొనను పడమరకు మార్చి పెట్టి మళ్ళీ చూసేవాళ్ళు. మన ఫేస్ లెఫ్ట్, ఫేస్ రైటే అది. 1802లో విలియం లాంబ్టన్ అనే సర్వేయర్ పరంగిమలై దగ్గర బేస్ లైన్ (సర్వే లెక్కలన్నిటికీ ఆధారమైన మొదటి గీత) కొలిచి దేశపు సర్వే మొదలుపెట్టాడు. ఆయన దగ్గర సహాయకుడిగా పనిచేసిన హెన్రీ కేటర్ అనే సైనికాధికారి ఆ తర్వాత ఇంగ్లండు వెళ్ళి, 1825లో పాదరసం మీద తేలే కాలిమేటర్ గురించి రాశాడు. పాదరసం ఎప్పుడూ సమంగా నిలుస్తుంది కాబట్టి, దాని మీద తేలే చిన్న దుర్భిణి చూపించే దిక్కును నమ్మి పెద్ద టెలిస్కోప్ తప్పును పట్టేయొచ్చు. ఈ ఊళ్ళో ఎండలో స్టాఫ్ పట్టుకు తిరిగేవాడిగా ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది.

ఇదే మాట మీకు వేరే చోట్ల ఎదురై ఉంటుంది. డిగ్రీ ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో స్పెక్ట్రోమీటర్‌కు ఒక వైపు సన్నని చీలిక ఉన్న గొట్టాన్ని కాలిమేటర్ అంటారు. చీలికలోంచి వచ్చిన వెలుగును లెన్స్ సమాంతర కిరణాలుగా మార్చి పట్టకం మీదికి పంపుతుంది. ఎక్స్‌రే గదిలో టెక్నీషియన్ మన ఛాతీ మీద వెలుగు చతురస్రం పడేలా సర్దే పెట్టె కూడా కాలిమేటరే. అందులోని సీసపు పలకలు కిరణాలు అవసరమైన మేరకే పడేట్టు కట్టడి చేస్తాయి. బైనాక్యులర్స్ కింద పడి రెండు బొమ్మలు కనిపిస్తుంటే, రెండు గొట్టాల చూపులనూ మళ్ళీ సమాంతరం చేయడాన్నీ కాలిమేట్ చేయడమే అంటారు. కిరణాలైనా చూపులైనా దారి తప్పకుండా ఒక దిక్కుకు తేవడం అన్నది అన్నింటిలోనూ ఉంది. కాబట్టి ఇంగ్లీషు కాగితంలో ఈ మాట కనబడితే, దేన్ని దేనితో కలపమంటున్నారో ముందు చూసుకోండి.

న్యూటోనియన్‌లో కలపాల్సినవి రెండు. గొట్టం అడుగున పెద్దద్దం, పైన నలభై అయిదు డిగ్రీల వాలులో చిన్నద్దం, పక్కన ఐపీస్ (కన్ను పెట్టి చూసే లెన్సు గొట్టం) పెట్టే ఫోకసర్. ఫోకసర్‌లోంచి దిగిన చూపు చిన్నద్దం మీద మలుపు తిరిగి పెద్దద్దం సరిగ్గా నడిమధ్యకు చేరాలి. అది ఒకటి. పెద్దద్దం అక్షం అదే దారిలో తిరిగొచ్చి ఐపీస్ మధ్యకు చేరాలి. అది రెండోది.

ఇక వస్తువు. చెషర్ అనే బ్రిటిష్ ఆప్టిక్స్ ప్రొఫెసర్ పేరు మీద దీనికి ఆ పేరొచ్చింది. బ్యాటరీ లేదు, లెన్స్ లేదు. నల్ల రంగు వేసిన అల్యూమినియం గొట్టం, అరచేతి పొడవు ఉంటుంది. ఒక కొనలో కన్ను పెట్టే చిన్న రంధ్రం, రెండో కొనలో కూడిక గుర్తులా బిగించిన రెండు సన్నని తీగలు. మధ్యలో పక్కకు ఒక కిటికీ, ఆ కిటికీ ఎదురుగా గొట్టం లోపల ఏటవాలుగా కోసిన తెల్లటి లోహపు ముఖం, దాని నడుమ రంధ్రం. కిటికీలోంచి వెలుగు ఆ ముఖం మీద పడి గొట్టం కిందికి పోతుంది, చిన్నద్దం మీదుగా పెద్దద్దాన్ని తాకి వెనక్కొస్తుంది. రంధ్రంలోంచి చూస్తే వెలుగు వలయం, దాని మధ్యలో నల్ల చుక్క కనిపిస్తాయి. ఆ చుక్క మీరు చూస్తున్న రంధ్రపు ప్రతిబింబమే. పెద్దద్దం నడిమధ్యన ఫైల్ కాగితాల చిల్లులకు అంటించే గుండ్రటి స్టిక్కర్ లాంటిది అతికించి ఉంటుంది. నల్ల చుక్కను ఆ రింగు మధ్యలో కూర్చోబెట్టాలి.

మా ఇల్లు మాధవరంలో. పొద్దు వాలాక, ఇంకా వెలుగు ఉండగానే మేడ మీద ఈ పని పెట్టుకుంటాను. పగటి వెలుగు ఉంటే చెషర్‌కు టార్చి అక్కర్లేదు. సూర్యుడు ఉన్న వైపుకు మాత్రం గొట్టం తిప్పనే తిప్పకండి, పిల్లలు చుట్టూ ఉంటే మరీ జాగ్రత్త. ముందు చిన్నద్దం పని. ట్యూబ్‌ను అడ్డంగా పడుకోబెట్టి చేయాలి. నిలువుగా ఉంచి అలెన్ కీ జారవిడిస్తే అది తిన్నగా వెళ్ళి పెద్దద్దం మీద పడుతుంది. చిన్నద్దం వెనక మూడు చిన్న అలెన్ స్క్రూలు ఉంటాయి. ఒకటి వదులు చేస్తే తక్కిన రెండూ బిగించాలి, లేకపోతే అద్దం ఊగులాడుతుంది. అడ్డతీగల కూడలి పెద్దద్దం రింగు మీదికి వచ్చేదాకా పావు చుట్టుకు మించకుండా తిప్పుతూ రావాలి. ఈ పనికి ఓపిక కావాలి. అయితే ఒకసారి చక్కగా కుదిరితే నెలల తరబడి దాన్ని ముట్టుకునే పనుండదు.

పెద్దద్దం పని మాత్రం టెలిస్కోప్ కదిపిన ప్రతిసారీ ఉంటుంది. దాని మరలు గొట్టం అడుగున, కన్ను పెట్టే రంధ్రం పైన. చెయ్యి అందడం కష్టం కాబట్టి ఇద్దరుంటే సుఖం. మా అక్క కూతురు ప్లస్ వన్ చదువుతోంది, కన్ను తనది, చెయ్యి నాది.

“మామయ్యా, నల్ల చుక్క రింగు అంచు తాకుతోంది, లోపలికి రాలేదు.”

“ఏ పక్క తాకుతోంది?”

“ఆ పక్కా ఈ పక్కా అని చెబితే నీకు తిరగబడుతుంది. నువ్వు ఒక మర తిప్పు, దగ్గరికొస్తే చెబుతా.”

పిల్ల చెప్పినదే సరైన పద్ధతి. ప్రతిబింబాల్లో కుడి ఎడమలు వెతుక్కుంటూ కూర్చుంటే తెల్లారిపోతుంది. ఒక మర కొంచెం తిప్పితే చుక్క ఎటు జరిగిందో చూడటం, మధ్యకు వస్తుంటే కొనసాగించడం, పక్కకు పోతుంటే రెండో మర పట్టుకోవడం. అద్దం ఒక వంతు వాలితే ప్రతిబింబం రెండు వంతులు జరుగుతుంది, అందుకని చేతి కదలిక చాలా చిన్నగా ఉండాలి. “ఆపు మామయ్యా, దాటిపోయింది, కాస్త వెనక్కి” అన్నప్పుడు గోరంత వెనక్కి తిప్పితే చాలు. చుక్క చుట్టూ తెల్ల వలయం, దాని చుట్టూ రింగు, అన్నీ ఒకే కేంద్రం మీద నిలుస్తాయి. లాకింగ్ స్క్రూలు బిగించేటప్పుడు చుక్క మళ్ళీ జరుగుతుంది కాబట్టి, బిగించాక ఇంకోసారి చూసుకోవాలి. ఈ సంగతి ఆ కాగితంలో లేదు.

ఫలితం గురించి మొహమాటం లేకుండా చెబుతాను. ఆ రాత్రి గురుడి మీద అంతకుముందు ఒక మసక చారగా కనిపించింది రెండు వేర్వేరు పట్టీలుగా విడిపోయింది. ఉపగ్రహాలకు ఒక వైపు ఉండే చీపురుకట్ట లాంటి తోక పోయి చుక్కలు చుక్కల్లా నిలబడ్డాయి. ఆ తోకను కోమా అంటారు. పరావలయపు అద్దం తన అక్షం మీద మాత్రమే నిఖార్సైన బింబం ఇస్తుంది, అక్షం నుంచి దూరం జరిగేకొద్దీ తోక పెరుగుతుంది. తోక లెక్కలోకి రానంత చిన్నగా ఉండే మేర ఎఫ్ నంబరు (ఫోకల్ లెంగ్త్‌ను అద్దం వ్యాసంతో భాగిస్తే వచ్చేది) ఘనాన్ని బట్టి మారుతుంది. ఎఫ్/8 టెలిస్కోప్‌లో ఆ మేర వ్యాసం సుమారు 11 మిల్లీమీటర్లు. నాది ఎఫ్/6, 1200 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్. అందులో 5 మిల్లీమీటర్ల లోపే. ఆకాశంలో అది చంద్రబింబం వెడల్పులో సగం కూడా కాదు. ఎఫ్/5 అయితే 3 మిల్లీమీటర్లు కూడా రాదు. కాలిమేషన్ తప్పిందంటే ఆ కాస్త మంచి చోటు మీ ఐపీస్ మధ్యలో కాక ఇంకెక్కడో ఉందని అర్థం. ఎంత ఖరీదైన ఐపీస్ పెట్టినా అప్పుడు లాభం లేదు. పొట్టి గొట్టాల టెలిస్కోప్ కొనేవాళ్ళు ఈ అంకెలు గుర్తుపెట్టుకోండి. గొట్టం పొట్టిదయ్యేకొద్దీ ఈ పని ఖచ్చితంగా చేయాల్సిన అవసరం పెరుగుతుంది.

లేజర్ సంగతికొస్తాను. ఏ కంపెనీదో రాయను, ఇలాంటివి ఒకే అచ్చులో ఎన్నో పేర్లతో దొరుకుతున్నాయి. చూడటానికి గొప్పగా ఉంటుంది. ఫోకసర్‌లో పెట్టి మీట నొక్కితే ఎర్ర చుక్క పెద్దద్దం మీద పడుతుంది. దాన్ని రింగులోకి తెచ్చి, వెనక్కొచ్చే చుక్కను లేజర్ రంధ్రంలోకి పంపితే పని అయిపోయినట్టు చూపిస్తుంది. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాల తర్వాత చెషర్ పెట్టి చూస్తే నల్ల చుక్క రింగు బయట ఉంది. ఏది నిజం చెబుతోందో తేల్చడానికి సర్వేయర్ పద్ధతే పట్టాను. ఒక చెక్క మీద నాలుగు మేకులు రెండు జతలుగా ఒంపుగా కొట్టి, లేజర్‌ను వాటి నడుమ పడుకోబెట్టి, ఆరు మీటర్ల అవతల గోడ మీద చుక్క పడేలా పెట్టి, లేజర్‌ను దాని చోటునే చుట్టూ తిప్పాను. సరైన లేజర్ అయితే చుక్క కదలకూడదు. ఇది గోడ మీద రూపాయి బిళ్ళ కంటే పెద్ద సున్నా చుట్టింది. అంటే కిరణం తన గొట్టం అక్షంతో కలిసి లేదు, కాలిమేటరే కాలిమేట్ కాలేదు. అలాంటి లేజర్‌తో చిన్నద్దాన్ని తప్పుగా వంచి, ఆ తప్పుకు తగ్గట్టు పెద్దద్దాన్ని కూడా వంచితే కిరణం బుద్ధిగా వెనక్కొస్తుంది. అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. టెలిస్కోప్ అక్షం మాత్రం పక్కకు పోతుంది. లేజర్‌ను సరిచేయడానికి పక్కన మూడు మరలు ఉంటాయి, నాదాంట్లో వాటి మీద సిలికాన్ పూసి మూసేశారు. గీకి తీసి సరిచేశాను, ఇప్పుడు సున్నా చాలా చిన్నదైంది. అయినా ఫోకసర్‌లో మర బిగించినప్పుడల్లా లేజర్ ఒక పక్కకు వాలుతుంది, చుక్క జరుగుతుంది. బాగా తయారైన ఖరీదు లేజర్లు చీకట్లో ఒంటిచేత్తో పనిచేసేవాళ్ళకు ఉపయోగమే. మొదటిసారి నేర్చుకునేవాళ్ళకు చవక లేజర్ తప్పు పాఠం చెబుతుంది.

చెషర్‌ను కూడా అదే పరీక్షకు పెట్టాను. ఫోకసర్‌లోనే మెల్లగా చుట్టూ తిప్పుతూ చూస్తే నల్ల చుక్క దాదాపు నిలకడగా ఉంది. అడ్డతీగల కూడలి మాత్రం కొద్దిగా ఊగింది, తీగలు బిగించేటప్పుడు నడిమధ్యకు రాలేదన్నమాట. చిన్నద్దం సర్దేటప్పుడు రెండు తిప్పుల్లో కనిపించిన చోట్ల నడుమ తీసుకుంటే సరిపోతుంది. ఇంకా లోపాలున్నాయి. లోపలి రంగు మెరుస్తోంది, దాంతో కిటికీ వెలుగు గొట్టం గోడల మీద కూడా తళతళలాడి కన్ను చెదురుతుంది. మాట్ నలుపు వేయాల్సింది. కొనలకు మూతలివ్వలేదు. మన ఊరి సముద్రపు తేమకూ దుమ్ముకూ ఆ తెల్ల ముఖం త్వరగా మాసిపోతుంది, నేను గట్టి మూత డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి దాస్తున్నాను. చీకటి పడ్డాక టార్చి వెలుగు కిటికీలోకి చూపించాలి, దానికి ఇంకో చెయ్యి కావాలి. కొనేముందు మీ పెద్దద్దం మీద మధ్య గుర్తు ఉందో లేదో చూసుకోండి. కొన్ని చవక టెలిస్కోపుల్లో ఉండదు, అప్పుడు చెషర్ ఉన్నా పని జరగదు. అద్దం తీసి గుర్తు పెట్టించుకోవాలి.

చెషర్ పని అయ్యాక చివరి మాట నక్షత్రానిదే. ఎక్కువ మాగ్నిఫికేషన్‌లో ఒక నక్షత్రాన్ని వీక్షణ మధ్యలో పెట్టి ఫోకస్ కొద్దిగా తప్పిస్తే వలయాలు కనిపిస్తాయి. అవి ఏకకేంద్రంగా ఉంటే సరే, ఒక పక్కకు ఒరిగితే పెద్దద్దం మర ఇంకో గోరంత తిప్పాలి. పాశ్చాత్యుల సలహాల్లో దీనికి ధ్రువ నక్షత్రం వాడమంటారు, అది కదలదు కాబట్టి. చెన్నైలో అది క్షితిజం నుంచి పదమూడు డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. మాధవరం నుంచి చూస్తే ఆ ఎత్తులో దుమ్మూ దీపాల కాంతీ తప్ప వలయాలు కనిపించవు, గాలి అలల్లో నక్షత్రం ఉడుకుతున్నట్టు ఉంటుంది. మనకు చలికాలంలో నడినెత్తికి దగ్గరగా వచ్చే రోహిణి గానీ, ఇంకొంచెం ఉత్తరాన ఉండే బ్రహ్మహృదయం గానీ మేలు. నక్షత్రం జరిగిపోతూ ఉంటుంది, మధ్యకు తెచ్చుకుంటూ చూడాలి. టెలిస్కోప్‌ను కనీసం అరగంట ముందు బయట పెట్టి అద్దం చల్లబడనివ్వండి, గదిలో ఏసీ నుంచి తీసుకొచ్చినా, ఎండ వేడి తగిలిన చోటి నుంచి తెచ్చినా ఇది తప్పదు.

లెన్స్ టెలిస్కోప్ ఉన్నవాళ్ళకు ఈ గొట్టంతో పెద్దగా పని పడదు. న్యూటోనియన్ ఉన్నవాళ్ళు ఆర్డర్ పెట్టేటప్పుడు పొడవాటి రకం, అడ్డతీగలు ఉన్నది అడగండి. తీగలు లేని పొట్టి రకం పెద్దద్దానికి మాత్రమే సరిపోతుంది. అయిదు నక్షత్రాల్లో నేనైతే నాలుగు ఇస్తాను, తగ్గించిన ఆ ఒక్కటీ లోపలి మెరుపుకూ లేని మూతలకూ.